మూడొందల రూపాయల జాతకం

పోయిన వారం ఒక స్నేహితుడు ఫోన్ చేసి "మనవాళ్ళు ఒక ప్రోడక్టు కడుతున్నారు, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. చూశాను. క్యాన్సర్ రోగి సీబీసీ రిపోర్టుని సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెడితే చాలు, అందులో అంకెలన్నీ అదే చదివేసుకుని తెర మీద ఒక మీటరు చూపిస్తుంది. పచ్చ, పసుపు, ఎరుపు. ముల్లు ఎరుపులో ఆగితే కింద చిన్న అక్షరాల్లో "అవకాశాలు తక్కువ" అని వస్తుంది. ఎవరికి అమ్ముతారురా దీన్ని అంటే "ఆసుపత్రులకి, ఇన్సూరెన్సు వాళ్ళకి, కావాలంటే పేషంట్లకి కూడా" అన్నాడు ఎంతో ఉత్సాహంగా.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికేదో సర్ది చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ వారం నుంచీ లోపల రగులుతూనే ఉంది. ఆ రగులుడంతా ఇక్కడ కక్కేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఇంజనీరింగు చదివి కోడు రాసుకునేవాణ్ణి. కాబట్టి వైద్యం గురించి కాదు, అంకెల గురించే మాట్లాడతాను. అంకెల్ని మాత్రం మా వృత్తివాళ్ళు పాడుచేసినట్టు ఇంకెవరూ పాడుచెయ్యలేరు. ఆ అనుభవం దండిగా ఉంది.

ముందు తెలియనివాళ్ళ కోసం. సీబీసీ అంటే మామూలు రక్తపరీక్షే. మా ఊళ్ళ వైపు "కౌంటు పరీక్ష" అంటారు. చిటికెడు నెత్తురు తీసి అందులో ఎర్ర కణాలెన్ని, తెల్ల కణాలెన్ని, ప్లేట్‌లెట్లెన్ని, హిమోగ్లోబిన్ ఎంత అని లెక్క. తెల్ల కణాల్లో మళ్ళీ రకాలు. న్యూట్రోఫిల్స్ అనేవి బాక్టీరియా మీద మొదట పడే సైన్యం, లింఫోసైట్లు వైరస్‌ల పనీ, కొంతవరకు క్యాన్సర్ కణాల పనీ పట్టేవి. మామూలుగా తెల్ల కణాలు మైక్రోలీటరుకి 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. వాలెస్ కోల్టర్ అనే అమెరికన్ ఇంజనీరు, సన్న రంధ్రంలోంచి కణాలు ఒక్కొక్కటే దూరుతుంటే కరెంటులో వచ్చే తేడాని బట్టి లెక్కపెట్టే పద్ధతి కనిపెట్టి 1953లో పేటెంటు తెచ్చుకున్నాడు. ఇవాళ మన పర్చూరు, చిలకలూరిపేట ల్యాబుల్లో కుయ్ కుయ్ మనే మిషన్లలో చాలా వాటి మూలం అదే. మూడొందలకి అటూ ఇటూగా అయిపోతుంది. ఇంత చవగ్గా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇంకోటి లేదు. దాంతో నాకేమీ తగాదా లేదు, నా తగాదా ఆ కాగితంలోంచి జాతకం తీసేవాళ్ళతో.

ఆ జాతకానికి ఒక పేరుంది, ఎన్నెల్లార్. న్యూట్రోఫిల్ సంఖ్యని లింఫోసైట్ సంఖ్యతో భాగిస్తే వచ్చేది. ఐదో తరగతి భాగహారం. 2001లో జహోరెట్స్ అనే స్లొవేకియా డాక్టరు ఐసీయూలో ఉన్న రోగుల ఒంటి మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పటానికి ఇది పనికొస్తుందన్నాడు. 2005లో పేగు క్యాన్సర్ మీద ఒక పరిశోధన వచ్చింది, ఆపరేషనుకి ముందు ఇది 5 దాటినవాళ్ళు తక్కువకాలం బతికారని. ఇక అక్కణ్ణుంచి మొదలైంది తిరనాళ్ళు. ప్రపంచంలో ప్రతి ఆసుపత్రిలోనూ పాత రిపోర్టులు ఎలాగూ బీరువాల్లో ఉంటాయి, కొత్తగా ఖర్చేమీ లేదు, భాగహారం ఎవరికైనా వచ్చు. పేపర్లు కుప్పలు పడ్డాయి. 2014లో 100 పరిశోధనల్ని, అంటే 40,559 మంది రోగుల్ని కలిపి ఒక పెద్ద విశ్లేషణ వేశారు. ఎన్నెల్లార్ ఎక్కువున్నవాళ్ళకి మరణించే ముప్పు 1.81 రెట్లని తేలింది. అంటే విషయం ఉత్తుత్తిది కాదు. నిప్పు లేకుండా పొగ రాలేదు, ఒప్పుకుంటాను.

కానీ 1.81 రెట్లు అంటే ఏంటి? మా స్నేహితుడి మీటరులో అది ఎర్ర రంగు. నిజానికి అది ఏం చెబుతుందో లెక్కేద్దాం. ఎన్నెల్లార్ ఎక్కువున్న గుంపులోంచి ఒకణ్ణి, తక్కువున్న గుంపులోంచి ఒకణ్ణి కళ్ళు మూసుకుని తీశాం అనుకోండి. ఇద్దరిలో ఎక్కువున్నవాడు ముందు పోయే అవకాశం 1.81ని 2.81తో భాగిస్తే వస్తుంది (ముప్పు నిష్పత్తి కాలమంతా ఒకేలా ఉంటుందనుకుంటే). సుమారు 64 శాతం. రూపాయి బిళ్ళ ఎగరేస్తే 50. అదీ సంగతి. నూటికి 36 సార్లు ఈ జాతకం తలకిందులౌతుంది. వెయ్యి మంది గుంపు గురించి మాట్లాడే శాస్త్రవేత్తకి ఇది గొప్ప విషయమే. మంచం మీదున్న ఒక్క మనిషికి, ఆ మనిషి పక్కన కూర్చుని ఎకరం అమ్మాలా వద్దా అని ఆలోచించే మొగుడికి మాత్రం ఇది బొమ్మా బొరుసా కంటే కాస్త మెరుగు, అంతే.

ఎకరం సంగతి ఊరికే రాయలేదు. మా పెద్దమ్మ కథ చెప్పాలి. అన్నయ్యకి చెప్పే రాస్తున్నా, తిట్టుకోడు.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లెటూరు. నల్లరేగడి, పత్తి, మిరప, శనగ. పెద్దమ్మా పెద్దనాన్నా రెండెకరాల సొంతానికి తోడు మూడెకరాలు కౌలుకి చేస్తారు. 2023 చివర్లో పెద్దమ్మకి రొమ్ములో గడ్డ తేలింది. గుంటూరులో పరీక్షలన్నీ చేసి క్యాన్సరే అన్నారు. ఆపరేషను, మందులు ఆరోగ్యశ్రీలో అయిపోతాయన్నారు (పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటుంది, 2024 నుంచి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. మా ఊళ్ళో మాత్రం ఎవరొచ్చినా ఆరోగ్యశ్రీయే). కానీ స్కానింగులకీ, రానూపోనూ కార్లకీ, గదికీ, తిండికీ పైఖర్చులు ఉంటాయి కదా. పెద్దనాన్న అరెకరం బేరం పెట్టాడు.

అప్పుడు అన్నయ్య డల్లాస్ నుంచి రిపోర్టులన్నీ చదివి, నెట్‌లో వెతికి, కుటుంబం గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు. న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్లు 12, అంటే నిష్పత్తి 6.5. ఐదు దాటితే కష్టమంట అని. వాడు ఏడుస్తూనే పెట్టాడు, అది నాకు తెలుసు. తల్లి గురించి కదా. కానీ ఆ మెసేజి ఊళ్ళోకెళ్ళేసరికి "అమెరికాలో చూపిచ్చారంట, లాభం లేదన్నారంట" అయింది. వారం రోజులు పెద్దనాన్న బేరం ఆపేశాడు. పెద్దమ్మే "ఎందుకయ్యా పొలం, మడిసే పొయ్యేటప్పుడు" అనేసింది. ఆ వారం ఇంట్లో ఎలా గడిచిందో నేను రాయలేను.

ఆ 6.5 ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. రక్తం ఇచ్చే ముందురోజు సాయంత్రం ఆయాసంగా ఉందంటే మా ఊరి ఆరెంపీ ఒక ఇంజక్షన్ పొడిచాడు. డెక్సా. స్టెరాయిడ్. మన పల్లెల్లో జ్వరానికీ డెక్సానే, ఒళ్ళు నొప్పులకీ డెక్సానే, మిరపకాయలు కోసి కోసి ఒళ్ళు మండినా డెక్సానే. స్టెరాయిడ్ పడితే రక్తనాళాల గోడల్ని అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్లు రక్తంలోంచి కణజాలంలోకి పోతాయి. కొన్ని గంటల్లోనే. అంటే భాగహారంలో పైది పెరుగుతుంది, కిందది తగ్గుతుంది. ఎన్నెల్లార్ ఆకాశానికి. అందులో క్యాన్సర్ వాటా ఎంతో, మా ఆరెంపీ గారి సూది వాటా ఎంతో విడదీసేది ఎవరు? మీటరా?

సరే, సూది లేదనుకుందాం. అప్పుడైనా ఆ 12 నిజంగా 12యేనా? మన చిన్న ఊళ్ళ ల్యాబుల్లో చాలాచోట్ల అద్దం మీద నెత్తురు పూసి, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటీ చూస్తూ 100 తెల్ల కణాలు లెక్కపెట్టి శాతాలు రాస్తారు. వంద శాంపిలు తీస్తే వచ్చే తడబాటు ఎంతో స్టాటిస్టిక్స్ పాసైన ఎవడికైనా తెలియాలి. వందలో 12 వచ్చిందంటే అసలు సంఖ్య సుమారు 6 నుంచి 20 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అసలు సంఖ్య 18, న్యూట్రోఫిల్స్ 72 అనుకోండి, నిష్పత్తి 4. అదే లింఫోసైట్లు 7, న్యూట్రోఫిల్స్ 83 అయితే దాదాపు 12. ఒకే మనిషి, ఒకే నెత్తురు, ఒకే అద్దం. ఇంకో వంద లెక్కపెడితే పసుపు, మరో వంద లెక్కపెడితే చిక్కటి ఎరుపు. పెద్ద మిషన్లు వేల కణాలు లెక్కేస్తాయి కాబట్టి ఈ గొడవ తక్కువ. అయితే చవక మిషన్లలో మూడు రకాలుగానే విడగొట్టేవి ఉన్నాయి. వాటిలో "గ్రాన్" అని వచ్చే అంకె న్యూట్రోఫిల్స్ ఒక్కటే కాదు, ఇసినోఫిల్స్ లాంటివి కూడా దాంట్లో కలుస్తాయి. ఏలికపాములున్నా, ఎలర్జీ ఉన్నా అవి పెరుగుతాయి. మట్టిలో వట్టి కాళ్ళతో తిరిగే జనం ఉన్న చోట ఆ అంకెని పట్టుకుని న్యూట్రోఫిల్ అని భాగహారం చేస్తే ఏం తేలుతుందో మీరే ఊహించుకోండి.

ఇక గీత ఎక్కడ గీయాలనే దాని గురించి. ఒకళ్ళు 5 అంటారు. ఇంకొకళ్ళు 3. పైన చెప్పిన 100 పరిశోధనల్లో మధ్యస్థం 4. ఎందుకిన్ని? చాలామంది చేసేది ఏంటంటే, దగ్గరున్న రోగుల డేటాలో ఏ గీత దగ్గర తేడా బాగా కనపడుతుందో వెతికి, అక్కడే గీత గీసి, అదే డేటా మీద "చూశారా ఎంత తేడా ఉందో" అంటారు. మా భాషలో దీన్ని పరీక్ష పేపరు ముందే చూసి పరీక్ష రాయటం అంటాం. నేను ఇదే పని ఒక ఈ-కామర్స్ మోడల్లో చేస్తే మా లీడు నన్ను కోడు రివ్యూలో ఉతికి ఆరేశాడు. అక్కడ పోయేది చీరల మీద డిస్కౌంటు. ఇక్కడ పోయేది?

ఖచ్చితత్వం గురించి కూడా ఒక మాట. మా స్నేహితుడు "తొంభై శాతం ఆక్యురసీ రా" అన్నాడు. నూరుమందిలో తొంభైమంది బతికే జబ్బులో "అందరూ బతుకుతారు" అని ఒక్క లైను కోడు రాసినా తొంభై శాతం ఒప్పే. ఆ ఒక్క లైనుకి స్టార్టప్ ఎందుకు, ఇంక్యుబేటరు ఎందుకు.

ఇంతవరకూ చదివి, వీడు రక్తపరీక్షతో భవిష్యత్తు చెప్పటమే తప్పంటున్నాడు అనుకునేరు. కాదు మహాప్రభో. కౌంటు చూసి వైద్యం మార్చటం క్యాన్సర్ చరిత్రలో మొదట్నుంచీ ఉంది, దాంట్లో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చైన ఆయన పేపరులో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని ఉంది. గుణం అని ఎలా తెలిసింది? తెల్ల కణాల లెక్క, మూలుగ పరీక్ష. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ జబ్బుకే ఇవాళ పిల్లల డాక్టర్లు మొదటి రోజు చూసే అంకెల్లో ఒకటి తెల్ల కణాల సంఖ్య. 50,000 దాటిందా లేదా, వయసు ఏడాదికీ పదేళ్ళకీ మధ్య ఉందా లేదా. దాన్ని బట్టి మందు ఎంత గట్టిగా ఇవ్వాలో మారుస్తారు. చూశారా, మారుస్తారు. అదీ కీలకం.

కిడ్నీ క్యాన్సర్ ముదిరినవాళ్ళకి వాడే స్కోరు ఒకటుంది, 2009లో వచ్చింది. హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు, కాల్షియం, మనిషి ఎంత తిరగగలుగుతున్నాడు, జబ్బు బయటపడ్డాక ఎన్నాళ్ళకి మందు అవసరమైంది, ఈ ఆరూ కలిపి. దాన్ని బట్టి ఏ మందుల జోడీ ఇవ్వాలో డాక్టర్లు ఎంచుకుంటున్నారు. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఇంకా మంచి ఉదాహరణ. ఇమాటినిబ్ బిళ్ళ మొదలుపెట్టాక తెల్ల కణాలు పదివేల లోపుకి, ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షల లోపుకి దిగాయా లేదా అని మూడు నెలల్లో చూస్తారు. ఆ బిళ్ళని వీనాట్ పేరుతో చవగ్గా 2003లో తెచ్చిన నాట్కో కంపెనీ అధినేత నన్నపనేని వెంకయ్య చౌదరి గారిది మన గుంటూరు జిల్లాయే. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ విభాగం కట్టించింది కూడా నాట్కో ట్రస్టే. కౌంటు దిగకపోతే డాక్టరు చెయ్యటానికి ఒక పని ఉంటుంది. మందు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడగటం, మోతాదు చూడటం, మందు మార్చటం.

ఇవీ అంకెలే. వీటికీ మీటరు జాతకానికీ తేడా ఏంటంటే, వీటి తర్వాత ఎవరో లేచి ఏదో ఒక పని చేస్తారు. రొమ్ము క్యాన్సర్ మనిషికి ఎన్నెల్లార్ 6.5 అని తెలిశాక డాక్టరు ఏం చేస్తాడు? అదే ఆపరేషను, అదే మందు. మారేది ఇంట్లోవాళ్ళ మొహాలే. మారేది బేరం. ఇన్సూరెన్సు వాడి చేతికిస్తే ఇంకేం మారుతుందో చెప్పక్కర్లేదు.

పైగా ఆ స్కోర్లు కట్టింది ఎవరి ఒళ్ళ మీద? క్యాన్సర్ రోగుల కాళ్ళ నరాల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు చెప్పే ఖొరానా స్కోరు 2008లో అమెరికాలో తయారైంది, మంచి స్కోరు. అందులో ప్లేట్‌లెట్లు మూడున్నర లక్షలు దాటితే ఒక పాయింటు, హిమోగ్లోబిన్ 10కి తగ్గితే ఒక పాయింటు, బీఎంఐ 35 దాటితే ఒక పాయింటు. మా పక్క మిరప కోతకెళ్ళే ఆడవాళ్ళలో బీఎంఐ 35 ఉన్నవాళ్ళని ఊరికొకళ్ళని వెతకాలి. హిమోగ్లోబిన్ 10 లేనివాళ్ళని వెతకక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులే. ఇనుము తక్కువైతే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి కూడా. అంటే క్యాన్సర్ రాకముందే, పేదరికం వల్లే రెండు పాయింట్లు రావొచ్చన్నమాట. అమెరికా డేటాలో ఆ రెండు పాయింట్లూ జబ్బు గురించి చెబుతుంటే, ఇక్కడ కూలి రేటు గురించి చెబుతున్నాయేమో ఎవరైనా చూడాలి కదా మన జనం మీద వాడేముందు!

ఇప్పుడు పెద్దమ్మ కథలో రెండో భాగం. అసలు ఈ టపా దీని కోసమే.

నా పోరు, అన్నయ్య సారీలు, పెద్దనాన్న మొండితనం అన్నీ కలిసి మొత్తానికి వైద్యం మొదలైంది. అరెకరం పోయింది. గుంటూరులోనే కీమో. ఎర్ర మందు. రెండో విడత 2024 సంక్రాంతికి ముందు ఎక్కించారు. పండక్కి నేను ఊళ్ళో ఉన్నా. మందు ఎక్కించి పదో రోజు పెద్దమ్మకి చలీ జ్వరం. 102. ఆరెంపీ వచ్చి "నీరసం, సెలైను పెడతా, కౌంటు చూపించుకోండి" అన్నాడు. డెక్సా కూడా తీశాడు, నేను అడ్డం పడ్డా. పేటకి తీసుకెళ్ళి రక్తం ఇచ్చి తిరిగి వచ్చేశాం, రిపోర్టు ఫోన్లో పంపుతారులే అని. చదువుకున్నవాణ్ణి నేనే అలా వచ్చేశానంటే ఇంక మిగతావాళ్ళని ఏమనను?

సాయంత్రం ఏడింటికి రిపోర్టు వచ్చింది. తెల్ల కణాలు 900. న్యూట్రోఫిల్స్ 30 శాతం, లింఫోసైట్లు 60 శాతం. మా ఇంట్లో అందరి కళ్ళూ ఎటు పోయాయో చెప్పమంటారా? ప్లేట్‌లెట్ల మీదకి. ఎందుకంటే డెంగీ పుణ్యమా అని మన జిల్లాల్లో చిన్న పిల్లలకి కూడా ప్లేట్‌లెట్లంటే ఏంటో తెలుసు. అవి లక్షా ఇరవై వేలు. "డెంగీ కాదులే, పర్లేదు" అనుకున్నారు. పిన్ని అప్పటికే బొప్పాయి ఆకు దంచుతోంది.

అన్నయ్య పాపం అలవాటు ప్రకారం భాగహారం చేశాడు. 30 బై 60. నిష్పత్తి 0.5. "అమ్మ ఎన్నెల్లార్ అరకి దిగింది, మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని గ్రూపులో పెట్టాడు. కింద దండాల బొమ్మలు.

మీటరులో పెడితే ముల్లు పచ్చలోకి పోయి కొట్టుకుంటుంది ఆ అంకెకి. నిజం ఏంటంటే 900లో 30 శాతం అంటే న్యూట్రోఫిల్స్ మొత్తం 270. 500 లోపు పడిపోయి, పైన జ్వరం ఉంటే అది నీరసం కాదు, గుండెపోటులాంటి అత్యవసరం. ఒంట్లో సైన్యం లేదు, లోపలికొచ్చిన బాక్టీరియాకి ఎదురు లేదు, గంటల్లో మనిషి పోవచ్చు. ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెల్ల కణాలు ఎంత తగ్గితే ఇన్ఫెక్షను ముప్పు అంత పెరుగుతుందని జెరాల్డ్ బోడే 1966లోనే ల్యుకేమియా రోగుల మీద లెక్కగట్టి చూపించాడు. మామూలు కౌంటుతో క్యాన్సర్ రోగి గతి చెప్పటం అంటే నా దృష్టిలో ఇది. అరవై ఏళ్ళ పాత లెక్క, కోడు అక్కర్లేదు, గుణకారం చాలు. అది మాకెవరికీ తెలియదు.

తెలిసిన మనిషి ఒకతే ఉంది. ఎనిమిది కావస్తుండగా పెద్దనాన్న ఫోనుకి ల్యాబులో అమ్మాయి ఫోన్ చేసింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయేమో. "బాబాయ్, ఈమెకి క్యాన్సర్ మందు ఎక్కిస్తన్నారా? జొరం ఉందా? ఇంటికాడ పెట్టుకోబాకండి, సెలైన్లు గిలైన్లు వద్దు, ఇప్పుడే గుంటూరు లగెత్తండి" అంది. పెద్దనాన్న "రేప్పొద్దున పోతాంలేమ్మా, పండగ పూట కార్లు దొరకవు" అన్నాడు. ఆ పిల్ల "రేపటికి ఉండదు బాబాయ్" అనేసింది. అంత మాట అన్నందుకు ఆ అమ్మాయి ఉద్యోగానికే ముప్పు రావొచ్చు. రిపోర్టు ఇవ్వటమే వాళ్ళ పని, అర్థం చెప్పటం కాదు. అయినా అంది.

పక్కూరి నుంచి కారు తెప్పించి, పేట మీదుగా హైవే ఎక్కి, పదిన్నరకి గుంటూరు చేరాం. అప్పటికి పెద్దమ్మ బీపీ అరవైకి వచ్చింది, మాట తడబడుతోంది. ఆరు రోజులు ఐసీయూ. బతికింది.

కోలుకునేటప్పుడు కౌంటు పెరగటానికి పొట్ట మీద ఇంజక్షన్లు వేశారు. దాంతో ఐదో రోజుకి తెల్ల కణాలు ఇరవై వేలు, దాదాపు అన్నీ న్యూట్రోఫిల్స్. ఎన్నెల్లార్ లెక్కేస్తే 15 పైనే. మీటరు దృష్టిలో ఆ రోజు ఆమె పని అయిపోయినట్టే. ఆమె ఆ రోజు మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తినింది.

అంటే ఒకే మనిషికి రెండు నెలల్లో మూడు అంకెలు. మొదటిది 6.5, సూది వల్ల వచ్చింది, ఇంట్లో శవజాగరణ చేయించింది. రెండోది 0.5, చావు గుమ్మంలో ఉన్నప్పుడు వచ్చింది, దండాలు పెట్టించింది. మూడోది 15, బతికి బట్టకట్టినప్పుడు వచ్చింది. మీటరు కట్టేవాళ్ళు దీనికేమంటారో నాకు తెలుసు, మా స్నేహితుడు అన్నాడు కూడా. "అది చికిత్సకి ముందు అంకెకే వాడాలి, ఎడ్జ్ కేసులు ఫిల్టర్ చేస్తాం." ఏ ఫిల్టరు బాబూ? ఆరెంపీ సూది ఏ డేటాబేసులో ఉంటుంది? దానికి చీటీ ఉండదు, బిల్లు ఉండదు. సెల్‌ఫోను ఫొటోలో కీమో ఎన్నో రోజో ఎలా తెలుస్తుంది? మన దగ్గర ఎడ్జ్ కేసులు కావివి, మామూలు కేసులే. ఫిల్టరు చేస్తే మీ మీటరులో మిగిలేది ఎవరు?

ఇంకో వాదన కూడా వింటాను తరచూ. "రోగికి నిజం తెలుసుకునే హక్కు లేదా?" ఉంది. నూటికి నూరుపాళ్ళు ఉంది. నిజం చెప్పాల్సిన పద్ధతి మాత్రం ఎదురుగా కూర్చుని, గడ్డ ఎంతుంది, గ్రంథుల్లోకి పాకిందా, హార్మోను పరీక్ష ఏం చెప్పింది, ఇవన్నీ కలిపి ఒక డాక్టరు, వాళ్ళ భాషలో, వాళ్ళు అడిగినంత మేరకు చెప్పటం. రొమ్ము క్యాన్సర్‌లో గతిని నిర్ణయించే పెద్ద విషయాలు అవి. వాటి పక్కన ఎన్నెల్లార్ పిల్లకాలువ. పిల్లకాలువనే ఎందుకు పట్టుకుంటున్నారంటే అది చవగ్గా, ఎక్సెల్ షీటులో దొరుకుతుంది కాబట్టి. పోగొట్టుకున్న తాళంచెవి పొలంలో ఉంటే, వీధి దీపం వెలుగుందని బజార్లో వెతికినట్టుంది.

నిజంగా ఈ కాగితంతో మేలు చెయ్యాలనుకునే ఇంజనీరు ఎవరైనా ఉంటే పని బోలెడుంది, అందులో ఏఐ కూడా అక్కర్లేదు. చాలా రిపోర్టుల్లో న్యూట్రోఫిల్ శాతం ఇస్తారు గానీ అసలు సంఖ్య ఇవ్వరు. మొత్తాన్ని శాతంతో గుణించి ఆ సంఖ్య ఒక్కటి పెద్దక్షరాల్లో అచ్చువేయించండి. 500 కంటే తక్కువైతే ఎర్రగా. దాని కింద తెలుగులో, "క్యాన్సర్ మందు తీసుకుంటున్నవారికి జ్వరం ఉంటే ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి" అని ఒక్క వాక్యం. ల్యాబు సాఫ్టువేరులో ఇది అరపూట పని. నేను కూర్చుని లెక్కేశా, టెస్టింగుతో కలిపి ఒక రోజు. ఆసుపత్రుల వాళ్ళు కీమో ఎక్కించి పంపేటప్పుడు చేతిలో ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం పెట్టే బదులు, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంటు పడిపోతుంది జాగ్రత్త, 100.4 దాటితే ఫోన్ చెయ్యకుండా కూడా బయల్దేరండి అని నోటితో చెప్పి, ఒక థర్మామీటరు చేతిలో పెట్టి పంపొచ్చు. పెద్దమ్మ కాగితంలో ఈ సంగతి ఉంది. మూడో పేజీలో, ఇంగ్లీషులో. నేను ఐసీయూ బయట కూర్చుని చదివా.

ఆరెంపీలని తిట్టి లాభం లేదు. మా ఊరికి రాత్రి తొమ్మిదింటికి వచ్చే మనిషి ఆయనొక్కడే. తర్వాత నేను వెళ్ళి అడిగితే ఆయన "నాకెవరు చెప్పారు బాబూ ఇదంతా" అన్నాడు. నిజమే కదా. ఇప్పుడు ఆయన గోడ మీద ఒక కాగితం అంటించుకున్నాడు, నేనే రాసిచ్చా. మా స్నేహితుడికి కూడా ఇదే చెప్పా, నీ మీటరు పీకేసి ఈ ఒక్క లైను పెట్టు, నేను శని ఆదివారాలు ఉచితంగా కోడు రాస్తానని. "దీనికి రెవెన్యూ మోడల్ ఏంటి" అన్నాడు. ఇంకా మాట్లాడుకుంటున్నాం.

డాక్టర్లు ఎవరైనా ఇది చదివితే, నా లెక్కల్లో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను. ఎన్నెల్లార్ మీద థీసిస్ రాసినవాళ్ళు కోప్పడకండి. గుంపుల గురించి మీరు రాసింది తప్పని నేననలేదు. దాన్ని మా పెద్దనాన్న ఫోన్లోకి పంపొద్దంటున్నా, అంతే.

పెద్దమ్మ బాగానే ఉంది. కీమో మిగతా విడతలు అయ్యాయి, ఆపరేషనూ అయింది, ఇప్పుడు రోజుకో బిళ్ళ. ఈ ఏడు మిరప కోతకి కూలీలు దొరక్క తనే చేలోకి దిగిందని తెలిసి అన్నయ్య ఫోన్లో కేకలు. మొన్న నేను మాట్లాడినప్పుడు వేరే సంగతి చెప్పింది. పడమటి బజారులో ఒకామెకి గుంటూరులో మందు ఎక్కించటం మొదలెట్టారంట. "జొరం చూసుకునే పుల్ల నా కాడ ఉందిగా, తీసకపోయి ఇచ్చొచ్చా. ఏడో రోజు కాణ్ణుంచి పొద్దునా రాత్రీ పెట్టుకోమని చెప్పా. సెల్లు అయిపోయినట్టుంది రా, వచ్చేటప్పుడు ఇంకోటి పట్టుకురా" అంది. రెండు కొన్నాను.